చట్టం ఉంది, అడిగే ధైర్యం ఏది?

పోయిన ఏడాది వినాయకచవితి ముందురోజు మా వదిన, అంటే మా వారి అక్కయ్య, పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. పాలవెల్లికి కట్టే కాయలకోసం బజారుకి వెళ్తూ వచ్చిందేమో అనుకున్నాను. కాఫీ తాగి, ఆ మాటా ఈ మాటా మాట్లాడి, లేచేముందు చీర కొంగు సర్దుకుంటూ నెమ్మదిగా అడిగింది. "నీ దగ్గర ఒక ముప్ఫై వేలుంటే సర్దుతావా? దీపావళికల్లా ఇచ్చేస్తాను. తమ్ముడికి చెప్పకు."

నాకు నోట మాట రాలేదు. మా చుట్టాల్లో ఎవరి ఆడపిల్లకైనా బుద్ధి చెప్పాలంటే "ఆవిణ్ణి చూసి నేర్చుకోవే" అని చూపించేది ఈవిణ్ణే. తెనాలిలో ఇంటి ముందు హాల్లో నాలుగు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను పెట్టుకుని ముగ్గురాడవాళ్ళకి పనిస్తోంది. కాజాలు, గుండీలు కుట్టేందుకు చుట్టుపక్కల ఇళ్ళల్లో మరో నలుగురున్నారు. అలాంటి మనిషి నా దగ్గర చెయ్యి చాపడమేమిటి?

తర్వాత తెలిసింది సంగతి. ఊళ్ళో ఒక ప్రైవేటు బడికి మూడేళ్ళుగా యూనిఫారాలు కుడుతోంది. ఆ ఏడాది 420 జతలు, జత 700 రూపాయలు. మొత్తం 2 లక్షల 94 వేలు. మే నెల ఎండల్లో ఫ్యాను కింద కూర్చుంటే గుడ్డ ఎగిరిపోతుందని ఫ్యాను ఆపేసి మరీ కటింగు చేసుకుంది. గుడ్డ విజయవాడ వస్త్రలతలో నెల అప్పు మీద తెచ్చింది, లక్షా ఎనభై వేలకి. బడివాళ్ళు ముందు ఇచ్చింది 50 వేలు. అది గుడ్డల షాపాయనకే కట్టేసింది. జూన్ రెండో వారంలో సరుకు మొత్తం అప్పచెప్పింది. ఆ తర్వాత ఒక్క పైసా రాలేదు. అడగబోతే ఒకసారి కరస్పాండెంటుగారు ఊళ్ళో లేరు, ఇంకోసారి ఆడిటరుగారు చూడాలి, మరోసారి ఫీజులు వసూలు కాలేదు. ఇంతా చేసి తల్లిదండ్రుల దగ్గర యూనిఫారం డబ్బు పుస్తకాలతోపాటు జూన్‌లోనే గుంజుకున్నారు. మా చెల్లెలి కొడుకు అక్కడే చదువుతున్నాడు, ఆ రసీదు నా కళ్ళతో నేను చూశాను.

ఇక్కడ లెక్క కాస్త ఓపికగా వినండి. మిషను మీద కూర్చునేవాళ్ళకి వదిన శనివారం శనివారం కూలి ఇచ్చి తీరాలి. "బడివాళ్ళు ఇవ్వలేదే" అంటే వాళ్ళ పిల్లల కడుపు నిండదుగా. గుడ్డల షాపులో మిగిలిన లక్షా ముప్ఫై వేలకి నెల దాటగానే నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకి 2,600. కూలీ, దారం, గుండీలు, బకరం, కరెంటు అన్నీ పోను ఆవిడకి మొత్తం మీద మిగిలేది ఓ నలభై వేలు. బడివాళ్ళు దీపావళికి 60 వేలు విదిల్చారు. అది నా అప్పు, కూలీలకోసం చేసిన చేబదుళ్ళు తీర్చడానికి సరిపోయింది. మిగతాది రెండు చెక్కులుగా ఇచ్చి, చివరిది చేతికొచ్చేసరికి మార్చి. ఎనిమిది నెలల వడ్డీ 20,800. రెండు నెలల కష్టానికి మిగలాల్సిన దాంట్లో సగం అలా పోయింది. ఒక్కమాటలో చెప్పాలంటే, వందలమంది పిల్లల దగ్గర ఫీజులు తీసుకునే బడికి, నాలుగు మిషన్ల మా వదిన తొమ్మిది నెలలపాటు వడ్డీ లేని అప్పిచ్చింది.

డిగ్రీ చదివిన దాన్ని కదా, ఊరుకోలేకపోయాను. దీనికో చట్టం ఉండే ఉంటుందని వెతికాను. ఉంది! 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం. ముందుగా రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నా సరే, సరుకు తీసుకున్న 45 రోజుల్లోపల డబ్బు కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన ఇవ్వాలి. ఫిర్యాదు వినడానికి ప్రతి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిలు ఉండాలి. కొన్నవాడు ఆ తీర్పు మీద కోర్టుకి వెళ్ళాలంటే ముందు అందులో నూటికి 75 వంతులు డిపాజిట్టు కట్టాలి. 2017 నుంచి 'సమాధాన్' పేరుతో ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్‌లో ఫిర్యాదు పెట్టుకునే వీలూ ఉంది. వదిన అంతకుముందే 'ఉద్యమ్' నమోదు చేయించుకుంది కూడా. ఇంకేం, ఆ కాగితాలన్నీ ప్రింటు తీయించి ఉత్సాహంగా తీసుకెళ్ళాను.

వదిన కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివింది. మడిచి నా చేతిలో పెట్టింది. "బాగుందమ్మా. నువ్వు కాగితం పెట్టిస్తావు, వాళ్ళు డబ్బూ ఇస్తారు. వచ్చే ఏడాది ఆర్డరు ఎవరిస్తారు, నువ్విస్తావా?"

నేనేం చెప్పను?

నిజానికి ఆవిణ్ణి తప్పుపట్టే అర్హత నాకూ లేదు. ఒక పత్రికలో నా కథ పడి రెండేళ్ళయింది. రావలసిన పారితోషికం రాలేదు. ఒక్క ఉత్తరం ముక్క రాశానా? లేదు. అడిగితే మళ్ళీ కథ వెయ్యరేమోనని. ముప్ఫై వేలు అప్పడగడానికి వదినకి ఎంత సిగ్గేసిందో, తనకి న్యాయంగా రావలసింది గట్టిగా అడగడానికి అంతకన్నా ఎక్కువ భయమేసింది. మనలో చాలామంది సంగతి ఇంతే కదూ?

అప్పటినుంచి నా ఆలోచన చట్టం మీదినుంచి విధానం మీదికి మళ్ళింది. చిన్న వ్యాపారాల్ని ఆదుకుంటామని మన దేశంలో ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి. అరవై ఏళ్ళుగా ఆదుకున్న తీరు ఏమిటి?

మొదట్లో వస్తువుల్ని కాపాడారు. కొన్ని వస్తువులు చిన్న పరిశ్రమలే తయారుచెయ్యాలి, పెద్ద కంపెనీలు కొత్తగా అందులోకి దిగకూడదు అని 1967లో 47 వస్తువులతో ఒక జాబితా వేశారు. పెరిగి పెరిగి అది 800 దాటింది. తర్వాత ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చి, 2015 ఏప్రిల్‌లో చివరికి మిగిలిన 20 కూడా ఎత్తేశారు. ఆ ఇరవై ఏమిటో తెలుసా? ఊరగాయలు, రొట్టె, ఆవనూనె, వేరుసెనగ నూనె, అగరొత్తులు, గాజులు, కొవ్వొత్తులు, బట్టల సబ్బు, అగ్గిపెట్టెలు, పిల్లల నోటుపుస్తకాలు, స్టీలు గిన్నెలు, అల్యూమినియం గిన్నెలు, తాళం కప్పలు... మన ఇల్లే! మన వంటిల్లు, దేవుడి గది, పిల్లల బల్ల, అన్నీ అందులోనే ఉన్నాయి. అయినా ఆ జాబితా పోయిన రోజున మనలో ఎవరమైనా గమనించామా? నేనైతే గమనించలేదు. ఆ రోజు కూడా మామూలుగానే పప్పులో పోపు పెట్టుకుని ఉంటాను.

జాబితా పోవడం మంచిదేనంటారు మా వారు. ఆయన చెప్పేదాంట్లోనూ నిజముంది. యంత్రాల మీద పెట్టుబడి ఫలానా హద్దు దాటితే చిన్న పరిశ్రమ అన్న పేరు పోయేది, దాంతో రక్షణా పోయేది. కాబట్టి బాగా నడిచే యూనిటు కూడా పెరగడానికి భయపడేది. కాపాడతామంటూ వాళ్ళని మరుగుజ్జుల్లా ఉంచేశారన్న మాట. పైగా 2001లో దిగుమతుల మీద పరిమితులు ఎత్తేశాక, పై దేశం కంపెనీ సరుకు ఇక్కడ అమ్ముకోవచ్చు, మన దేశంలో పెద్ద కంపెనీ మాత్రం తయారుచెయ్యకూడదు అన్నట్టయింది. 1997లోనే ఆబిద్ హుస్సేన్ కమిటీ ఈ జాబితా తీసెయ్యమంది. ఒప్పుకుంటాను. కానీ గొడుగు మడిచేటప్పుడు వాన ఆగిందో లేదో చూడాలి కదండీ!

గొడుగు తీసేసి చేతిలో పెట్టింది అప్పు. 2015 ఏప్రిల్‌లోనే ముద్ర పథకం వచ్చింది. 'శిశు' అంటే 50 వేల దాకా, 'కిశోర్' 5 లక్షల దాకా, 'తరుణ్' 10 లక్షల దాకా. తనఖా అక్కర్లేదు. ఖాతాల్లో నూటికి 68 ఆడవాళ్ళవేనని ప్రభుత్వం చెప్పుకుంటుంది. చెడ్డ పథకమని నేననను. వదిన ఓవర్‌లాక్ మిషను కొన్నది ఆ అప్పుతోనే. కాకపోతే తనఖా అక్కర్లేని ఆ అప్పుకి కూడా బ్యాంకులో ఆవిణ్ణి "మీ వారి జీతం కాగితం తీసుకురండి" అన్నారు. ఆవిడకి పెళ్ళై పాతికేళ్ళు, మా అన్నయ్యగారు పోయి ఆరేళ్ళు. జీతం కాగితం ఎక్కణ్ణుంచి తెస్తుంది? చివరికి మా వారు వెళ్ళి కూర్చుంటే గానీ పని కాలేదు. ఇక ఆడవాళ్ళ పేరు మీదున్న ఆ నూటికి 68 ఖాతాల్లో డబ్బు నిజంగా ఎందరి చేతుల్లో తిరుగుతోందో, ఎన్ని ఇళ్ళల్లో భర్తగారి దుకాణంలోకి చేరిపోయిందో మీకూ నాకూ తెలియని సంగతి కాదు.

అయినా నా అనుమానం వేరు. మా వదినకి కావలసింది అప్పా? ఆవిడ డబ్బు 2 లక్షల 44 వేలు బడివాళ్ళ దగ్గర ఇరుక్కుని ఉంటే, బ్యాంకు వచ్చి "అమ్మా, నీకు అప్పిస్తాను" అంటోంది. సొంత డబ్బు పరుల దగ్గర వడ్డీ లేకుండా ఉండగా, పరుల డబ్బు వడ్డీకి తెచ్చుకోవాలి. దీన్ని ఆదుకోవడమంటారా? అప్పు తేలిగ్గా దొరికితే ఏమవుతుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది కూడా. 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ వేధింపులకి ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకుంటున్నారని గగ్గోలు పుట్టి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

'చిన్న' అంటే ఎంత చిన్న అన్నది ఇంకో తమాషా. 2006 చట్టంలో యంత్రాల మీద 25 లక్షల పెట్టుబడి దాటకపోతే సూక్ష్మ పరిశ్రమ. 2020లో దాన్ని కోటి పెట్టుబడి, 5 కోట్ల టర్నోవరు చేశారు. 2025 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవరు. అంటే ఏడాదికి 10 కోట్ల వ్యాపారం చేసే ఆసామీ, ఏడాదికి అయిదారు లక్షల కుట్టుపని చేసే మా వదినా ప్రభుత్వం దృష్టిలో ఒకే పంక్తిలో కూర్చున్నారు. వడ్డించేవాడు ముందు ఎవరి విస్తరి దగ్గర ఆగుతాడో చెప్పాలా? సబ్సిడీ దరఖాస్తు నింపడానికి ఆ ఆసామీకి ఆడిటరున్నాడు. వదినకి ఇంటర్నెట్ సెంటరు కుర్రాడున్నాడు. ఉద్యమ్ నమోదుకి ప్రభుత్వం పైసా తీసుకోదు, ఆధార్ నంబరుతో ఎవరికి వారే చేసుకోవచ్చు. ఆ కుర్రాడు పదిహేను వందలు పుచ్చుకున్నాడు. ఇది చదివేవాళ్ళు ఆ తప్పు చెయ్యకండి. నమోదు మాత్రం సరుకు ఇవ్వకముందే చేయించుకోండి. పొరుగువాళ్ళ దగ్గర కొని అమ్మే వ్యాపారమైతే నమోదు చేసుకున్నా ఈ 45 రోజుల రక్షణ రాదు, అదీ గుర్తుంచుకోండి.

దేశంలో ఇలాంటి చిన్న సంస్థలు 6 కోట్ల 30 లక్షల పైచిలుకని, వాటిలో పనిచేసేవాళ్ళు 11 కోట్లని 2015-16 నమూనా సర్వే చెప్పింది. అందులో నూటికి 99 సూక్ష్మ సంస్థలే. సొంత యజమానులున్నవాటిలో అయిదింట ఒకటి ఆడవాళ్ళది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కొనే సరుకులో నూటికి 25 వంతులు చిన్నవాళ్ళ దగ్గర కొనాలని నియమం. అందులో ఆడవాళ్ళ సంస్థల దగ్గర నూటికి మూడు. మూడు! అయిదింట ఒకరున్నవాళ్ళకి నూటికి మూడు.

మాటల్లో మాట, మా పిన్నిగారి ఆవకాయ సంగతి. ఆవిడ తెనాలిలోనే ఉంటారు. హైదరాబాదులో ఉన్న మనవాళ్ళకి ఏటా ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి కట్టి పంపిస్తారు. పదేళ్ళుగా ఇంట్లో దాని మీదే ఖర్చులు వెళ్తున్నాయి. 2014లో రాష్ట్రం రెండైంది, 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకి టర్నోవరు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదన్నారు గానీ, అది సొంత రాష్ట్రంలో అమ్ముకుంటేనే. పన్ను పడే సరుకు పక్క రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. హస్తకళల వస్తువులకి మినహాయింపు ఇచ్చారు, ఊరగాయకి ఇవ్వలేదు. అంటే ఒకప్పుడు గుంటూరు జిల్లా నుంచి భాగ్యనగరానికి వెళ్ళే జాడీ ఇప్పుడు అంతర్రాష్ట్ర వాణిజ్యం! ఈ సంగతి పిన్నిగారికి చెప్పాను. "నా ఆవకాయ సరిహద్దు దాటుతోందని దానికి తెలియదే అమ్మాయ్" అని నవ్వారు. నవ్వొచ్చే మాటే. కానీ రేపు ఎవరైనా అధికారి అడిగితే ఆవిడ నేరం చేసినట్టే. ఆవకాయ హస్తకళ కాదన్నవాడికి కారం, ఆవపిండి, ఉప్పు చేత్తో కలిపిన అనుభవం లేదని నా అభిప్రాయం.

మళ్ళీ వదిన దగ్గరికి వస్తాను. పెద్దవాళ్ళు డబ్బు తొక్కిపెట్టడం ప్రభుత్వానికి తెలియక కాదు. 2019లో కంపెనీలకి ఒక నియమం పెట్టారు. చిన్న సంస్థలకి 45 రోజులు దాటిన బాకీలుంటే ఆ వివరాలు ఆరు నెలలకోసారి ప్రభుత్వానికి చెప్పాలి. 2023 బడ్జెట్‌లో ఇంకో అడుగు వేశారు. గడువులోగా కట్టని సొమ్ముని ఆ ఏడాది ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదన్నారు. ఇది మంచి ఎత్తు. ఎందుకంటే వదినలాంటివాళ్ళు నోరు విప్పక్కర్లేదు, ఫిర్యాదు పెట్టక్కర్లేదు. కట్టనివాడికి దానంతట అదే చురుక్కుమంటుంది. అయినా జరిగిందేమిటంటే, 2024లో ఇది అమలుకి వచ్చేసరికి, ఈ గొడవంతా ఎందుకని కొందరు నమోదు లేనివాళ్ళ దగ్గర కొనడం మొదలుపెట్టారని, ఆర్డర్లు పోతాయన్న భయంతో కొందరు చిన్నవాళ్ళు తమ నమోదే రద్దు చేయించుకున్నారని వార్తలొచ్చాయి. చూశారా, ఎటు తిరిగినా ఆ భయం దగ్గరికే వచ్చి ఆగుతోంది.

అసలు మా వదిన కష్టానికి ఈ రెండూ పనికిరావు. మన ఊళ్ళల్లో ఆడవాళ్ళ చిన్న వ్యాపారాల దగ్గర కొనేదెవరు? బడులు, హాస్టళ్ళు, నర్సింగ్ హోములు, కల్యాణ మండపాలు. వీటిలో చాలా వరకు కంపెనీలు కావు. ట్రస్టులు, సొసైటీలు. వ్యాపారం మీద పన్ను కట్టేవాడికైతే ఖర్చు చూపించుకోలేనన్న బాధ. ధర్మసంస్థగా లెక్కలు రాసుకునే బడికి ఆ బాధెక్కడిది?

అందుకని నాకొకటి తోచింది. బడి గుర్తింపు పునరుద్ధరించుకోవాలంటే భవనం గట్టిదని కాగితం అడుగుతారు, అగ్నిమాపక శాఖ కాగితం అడుగుతారు. చిన్న సంస్థలకి 45 రోజులు దాటిన బాకీ ఏదీ లేదని ఆడిటరు చేత ఒక కాగితం ఎందుకు అడగకూడదు? నర్సింగ్ హోమునీ అలాగే అడగొచ్చు. అప్పుడు అడిగేది వదిన కాదు, ప్రభుత్వం. వదిన పేరు ఎక్కడా బయటికి రాదు. ఈ మాట మా వారితో అంటే, "ప్రతి కొత్త సర్టిఫికెట్టూ లంచానికి ఒక కొత్త కిటికీ" అన్నారు. కావచ్చు. ఆ మాటకొస్తే భవనం కాగితానికీ అదే కిటికీ ఉంది. అలాగని పిల్లల నెత్తిన కప్పు కూలినా ఫరవాలేదని ఎవరూ అనడం లేదు కదా.

'సూక్ష్మ' అన్న పంక్తిని రెండుగా చీల్చి, ఏడాదికి పది పదిహేను లక్షలు దాటని వాళ్ళకి వేరే విస్తరి వెయ్యమని కూడా అడుగుతాను. విధానం సమీక్షించేటప్పుడు పరిశ్రమల సంఘాల ప్రతినిధుల్ని పిలుస్తారు. మా వదిన ఏ సంఘంలోనూ లేదు. డ్వాక్రా సంఘంలో ఉంది గానీ, అక్కడ అడిగేది అప్పు వాయిదా కట్టావా లేదా అని మాత్రమే. నీకు రావలసిన బాకీ వచ్చిందా అని ఆ సమావేశంలో ఎవరూ అడగరు. అడిగితే ఎంత బాగుంటుంది! పదిమంది ఆడవాళ్ళ సంఘం పేరు మీద ఒక ఉత్తరం బడికి వెళ్తే, ఆ పదిమందిలో ఎవరికి ఆర్డరు మానేస్తారు? ఆ సంఘంలో వాళ్ళ పిల్లలు కూడా ఆ బడిలోనే చదువుతుంటారాయె.

ఈ ఏడాది వదిన రెండు పనులు చేసింది. కొత్త బిల్లుపుస్తకం అచ్చు వేయించింది. పైన ఉద్యమ్ నంబరు, కింద "సొమ్ము 45 రోజులలో చెల్లించవలెను" అన్న ముక్క. ఆ ముక్క రాసిచ్చింది నేనే. 'చెల్లించవలెను' మరీ గట్టిగా ఉందేమో, 'చెల్లించగోరుతాము' అందామా అని రెండుసార్లు ఫోను చేసింది. వద్దన్నాను. రెండోది, సగం డబ్బు ముందిస్తే గానీ గుడ్డ తేనని బడి గుమాస్తాతో చెప్పింది. కరస్పాండెంటుగారిని అడిగి చెప్తానన్నాడట. మూడు వీధుల అవతల ఇంకొకామె జతకి నలభై రూపాయలు తక్కువకి కుడతానందని కూడా చల్లగా చెవిన వేశాడట.

నిన్న సాయంత్రం వెళ్ళాను. హాల్లో మిషన్ల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. వదిన గుమ్మంలో కూర్చుని, పక్కింటి పిల్ల జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. మెళ్ళో టేపు అలాగే ఉంది. గుమాస్తా ఫోను చేశాడా అని అడిగాను. ఇంకా లేదంది.